క్యాన్సర్ సాయం: సొమ్ముతో పాటు సరైన సమాచారం



మీరిచ్చే జకాత్, సదకా సొమ్ము రోగికి చేరేలోపే కొన్ని కుటుంబాలు విలువైన నెలలు పోగొట్టుకుంటున్నాయి. పేదరికంతో పాటు, ఎవరో చెప్పిన తప్పుడు మాట నమ్మడం కూడా ఇందుకు కారణం. మూత్రాశయ క్యాన్సర్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి వివరిస్తాము.

ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తు మూత్రంలో రక్తం పడటం. చాలాసార్లు నొప్పి ఉండదు. ఒకసారి కనిపించి దానంతటదే ఆగిపోవచ్చు కూడా. ఇంట్లో ‘వేడి చేసింది’ అనుకుంటారు. రంజాన్‌లో అయితే ఉపవాసం వల్ల అనుకుంటారు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం ముదురు పసుపు రంగులోకి మారుతుంది. ఎర్రగా వస్తే మాత్రం, ఒక్కసారి అయినా సరే, డాక్టరుకు చూపించాలి. రాళ్లు, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా రక్తం పడవచ్చు. ఏదన్నది తేల్చేది పరీక్షే. మహిళల్లో ఇన్‌ఫెక్షన్ అనుకుని మాటిమాటికీ మందులు వాడటంతో ఆలస్యం జరుగుతుంటుంది.

దీనికి అన్నిటికంటే పెద్ద కారణం పొగతాగడం. పొగలోని విషపదార్థాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల ద్వారా మూత్రాశయానికి చేరతాయి. రంగుల ఫ్యాక్టరీల్లో వాడిన కొన్ని రసాయనాలూ కారణమే. అక్కడి కార్మికుల్లో ఈ జబ్బును 1895లోనే జర్మన్ సర్జన్ లుడ్విగ్ రేన్ గుర్తించారు.

‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అనే మాట విని చాలామంది బయాప్సీకి భయపడతారు. నిజానికి ఆ పరీక్ష లేకుండా చికిత్స నిర్ణయించలేరు. మూత్రమార్గం గుండా సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూస్తారు. గడ్డను తీసి ల్యాబుకు పంపుతారు. అది కండరం పొరలోకి దిగిందా లేదా అన్నది రిపోర్టులో తెలుస్తుంది. నూటికి సుమారు 70 నుంచి 75 మందిలో, జబ్బు బయటపడేనాటికి కండరంలోకి దిగి ఉండదు. ఇలాంటివారిలో కొందరికి, పసిపిల్లలకు క్షయ రాకుండా వేసే బీసీజీనే మూత్రాశయంలోకి పంపి చికిత్స చేస్తారు. ఈ జబ్బు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఏళ్ల తరబడి పరీక్షలు తప్పవు. కండరంలోకి దిగితే చికిత్స వేరు. అందుకే పక్కింటాయనకు పనిచేసింది మన ఇంట్లో పనిచేయకపోవచ్చు.

ఏ క్యాన్సర్ గురించైనా, ఏదైనా సమాచారం చేతికొస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. చెప్పినవారు ఎవరు? ఎప్పుడు రాశారు? ఏ దశలోని జబ్బు గురించి రాశారు? చెప్పి ఏదైనా అమ్ముతున్నారా? ‘గ్యారంటీగా నయం’ అన్న మాట కనిపిస్తే అనుమానించాలి.

మొదట అడగవలసింది చికిత్స చేస్తున్న క్యాన్సర్ డాక్టరునే. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో నడిచే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ చికిత్సా మార్గదర్శకాలను ఉచితంగా అందిస్తోంది. అమెరికా ప్రభుత్వ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ రోగులకు, డాక్టర్లకు వేర్వేరుగా సమాచారం ఇస్తుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు వాటిని చదివి పెద్దలకు తెలుగులోనో ఉర్దూలోనో చెప్పవచ్చు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రుల్లో ఏ చికిత్సకు పథకం వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడగవచ్చు. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 ఉచిత నంబరు ఉంది.

దాతలకు మా మనవి రెండు మాటలే. క్యాన్సర్ సాయం కోరి ఎవరైనా మీ గడప తొక్కితే, సొమ్ము ఇవ్వడంతో పాటు బయాప్సీ అయిందా, రిపోర్టు ఏమని వచ్చిందని అడగండి. కాకపోతే ముందు ఆ పరీక్షకు పంపండి, వీలైతే తోడు వెళ్లండి. రెండోది, ఎవరు చెప్పారో తెలియని వైద్యం కబురు మీ ఫోనుకు వస్తే ఇంకొకరికి పంపకండి.