నేతికి బదులు వనస్పతియా?

నేతితో సేవించమని నేనిచ్చిన చూర్ణాన్ని ఒక ఇల్లాలు వనస్పతితో సేవించారు. రెండూ పేరుకొనేవే కదా అని ఆమె వాదం.

వనస్పతి పేరుకోవడం వేరు. 1902లో జర్మన్ రసాయనవేత్త విల్హెల్మ్ నార్మన్ పేటెంటు కోరిన పద్ధతి అది. వేడినూనెలో నికెల్ పొడి కలిపి హైడ్రోజన్ వాయువును పంపుతారు. నికెల్ తాను ఖర్చుకాకుండా చర్యను త్వరపరుస్తుంది. రెండు, మూడు ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లాలు ముందుగా హైడ్రోజన్‌ను గ్రహిస్తాయి. ఒకటే ఉన్నవి నిదానిస్తాయి. నూనె మెత్తగా గడ్డకట్టే స్థితి రాగానే ప్రక్రియను నడుమనే ఆపుతారు. చిక్కు అక్కడే! మిగిలిన ద్విబంధాల్లో కొన్ని మెలితిరిగి ట్రాన్స్ కొవ్వులవుతాయి. ఇవి చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తాయి. చివరిదాకా సాగిస్తే ట్రాన్స్ దాదాపు మిగలదు గాని, కొవ్వు మైనంలా బిగుస్తుంది.

2022 జనవరి నుండి మనదేశంలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదన్న నియమముంది. అయినా అనుపానానికి వనస్పతి పనికిరాదు. ఆమెకు మరల చూర్ణమిచ్చి, ఆవునేతితోనే సేవించమన్నాను.