తుక్కులో వేయబోయే ముందు

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న సిల్తారా ఇనుము కరిగే ఊరు. స్పాంజి ఇనుము, ఉక్కు కర్మాగారాలు ఇక్కడ బారులు తీరి ఉన్నాయి. విరిగిన ఇనుపముక్కకు ఇక్కడ చావు లేదు. కొలిమిలో కరిగి మళ్ళీ పుడుతుంది. కాని కాటా గదిలోనో, పద్దుల గదిలోనో ఏళ్ళ తరబడి పనిచేసిన కంప్యూటరుకు ఆ భాగ్యం లేదు. దానిని కరిగిస్తే కొంత లోహం దక్కవచ్చు; అందులోని చిప్పుల తయారీకి వెచ్చించిన నీరు, విద్యుత్తు, నైపుణ్యం తిరిగిరావు. కనుక ఉన్న యంత్రం ఆయువును పెంచడమే మేలు.

కంప్యూటరు నెమ్మదించగానే 'ముసలిదైపోయింది' అంటాము. నిజానికి దాని ప్రాసెసరు మనిషివలె ఏటేటా నీరసించదు. లోపం తరచు మరోచోట ఉంటుంది.

మొదట చూడవలసినది దుమ్ము. అది పంకాలకు, వేడిని వెదజల్లే లోహపు రెక్కలకు పట్టితే ప్రాసెసరు వేడెక్కి, తన్ను కాపాడుకొనేందుకు తానే వేగం తగ్గించుకుంటుంది. ఇనుప రజను కలిసిన దుమ్ము మరీ ప్రమాదకరం. దానిగుండా విద్యుత్తు ప్రవహించగలదు. కరెంటు తీగను పూర్తిగా తీసివేసి, పంకా తిరగకుండా పట్టుకొని, మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. తేదీ మాటిమాటికి తప్పుతుంటే, లోపల ఉన్న నాణెం వంటి బ్యాటరీని మార్చితే చాలును.

రెండవది మెమొరీ. అది చాలనప్పుడు కంప్యూటరు తన పనిని డిస్కుపైకి నెట్టుతుంది, అక్కడే ఆలస్యం. 4 జీబీని 8 జీబీ చేస్తే సాధారణమైన ఆఫీసు పనికి ఊరట కలుగుతుంది. అయితే డీడీఆర్3 ఉండే చోట డీడీఆర్4 పట్టదు. రకం చూసి కొనాలి.

అన్నిటికన్న ఎక్కువ ఫలితమిచ్చేది డిస్కు మార్పు. పాత హార్డు డిస్కు నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతూ సమాచారాన్ని వెదకుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. యంత్రం తెరుచుకొనడానికి నిమిషాలు పట్టేచోట సెకన్లు చాలవచ్చు. మార్చేముందు పద్దులన్నిటికీ నకళ్ళు తీయడం మరువరాదు.

ఇక మిగిలిన చిక్కు సాఫ్ట్‌వేరుది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటును కోరుతుంది; బాగా పనిచేసే పాత యంత్రాలు అనేకం ఆ పరీక్షలో నిలువలేవు. వాటికి లినక్స్ మంచి ఆశ్రయం. మన సీడాక్ రూపొందించిన బాస్ కూడా లినక్స్ కుటుంబానికి చెందినదే. కాని కాటాకో, పద్దులకో వాడే ప్రోగ్రాము అందులో నడుస్తుందో లేదో ముందుగా పరీక్షించుకోవాలి.

మదర్‌బోర్డే చెడిపోతే, మరమ్మతు ఖర్చు యంత్రం విలువను మించితే, దానిని విడిచిపెట్టడమే వివేకం. అప్పుడైనా సీసం వంటి విషపదార్థాలుండే ఆ వస్తువును వీధి తుక్కువానికి అమ్మరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల క్రింద నమోదైన సంస్థలకే అప్పగించాలి.

ఇనుముకు కొలిమి పునర్జన్మ నిస్తుంది. కంప్యూటరుకు ఆ పని ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక చేయగలవు.