వ్యాపార కార్యకలాపాల పర్యవేక్షణ

వ్యాపార కార్యకలాపాల పర్యవేక్షణ అనగా ఒక సంస్థ వాడుతున్న సాఫ్టువేరు గుండా సాగే పనులను, అవి జరుగుతున్న సమయంలోనే, వ్యాపార దృష్టితో గమనించే పద్ధతి. దీనిని ఆంగ్లంలో బిజినెస్ యాక్టివిటీ మానిటరింగ్ అని, పొడి అక్షరాలతో బి.ఎ.ఎం. లేదా బామ్ అని వ్యవహరిస్తారు. సర్వరు పనిచేస్తున్నదా, డిస్కులో ఖాళీ ఉన్నదా అని చూసే సాంకేతిక పర్యవేక్షణకు, దీనికి భేదమున్నది. సర్వరు నిక్షేపంగా నడుస్తూ ఉండగానే దాని గుండా జరగవలసిన వ్యాపారం ఆగిపోవచ్చును. అటువంటి ఆటంకాన్ని నష్టం జరగకముందే పసిగట్టడం ఈ పద్ధతి ఉద్దేశం.

చరిత్ర

ఈ పేరును 2002లో అమెరికాకు చెందిన గార్ట్‌నర్ సంస్థ వాడుకలోకి తెచ్చినది. అంతకుముందు చాలా సంస్థలు పగటి లావాదేవీలను రాత్రివేళ ఒకచోట చేర్చి, మరునాడు నివేదికల రూపంలో చూసుకొనేవి. నిన్న ఏమి జరిగిందో అవి చెప్పగలిగేవి కాని, ఇప్పుడు ఏది నిలిచిపోయి ఉన్నదో చెప్పలేకపోయేవి. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ లక్‌హామ్ తన ‘ది పవర్ ఆఫ్ ఈవెంట్స్’ గ్రంథంలో, చిన్న సంఘటనల వరుసల నుండి పెద్ద అర్థాన్ని రాబట్టే విధానాన్ని వివరించాడు. తరువాత మైక్రోసాఫ్ట్ వారి బిజ్‌టాక్ సర్వర్ 2004, ఐ.బి.ఎం. వారి వెబ్‌స్ఫియర్ బిజినెస్ మానిటర్, ఒరాకిల్ వారి సోవా సూట్ వంటి ఉత్పత్తులలో ఇది భాగమైనది. ఇటీవలి కాలంలో ఈ పేరు అంతగా వినబడకపోయినా, అపాచీ కాఫ్కా వంటి సంఘటనా ప్రవాహ సాధనాలతో చేసే పనిలో అధికభాగం ఇదే.

ఉదాహరణ: మిర్చి యార్డు

గుంటూరు మిర్చి యార్డు ఈ విషయాన్ని అర్థం చేసుకొనుటకు మంచి ఉదాహరణ. ఎండుమిర్చి క్రయవిక్రయాలలో ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన ఈ యార్డుకు, ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు సాగే ముమ్మర కాలంలో, ఒక్కరోజులో లక్షకు పైగా బస్తాలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఈ బస్తాలను స్థానికంగా టిక్కీలు అంటారు.

జాతీయ వ్యవసాయ మార్కెట్టు, అనగా ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ప్రారంభమైనది. 2020 మే నాటికి మార్కెట్ల సంఖ్య 1,000కి చేరినది. గుంటూరు యార్డు కూడా ఈ వేదికలో చేరినది. దీని సాఫ్టువేరు పనిని హైదరాబాదుకు చెందిన నాగార్జున ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థ చేపట్టినది. ఎరువుల కంపెనీకి సాఫ్టువేరుతో ఏమి పని అనిపించవచ్చును. ఆ సంస్థకు ఐకిసాన్ అనే వ్యవసాయ సమాచార విభాగం ఉండేది.

ఈ-నామ్ పద్ధతిలో సరుకు కొన్ని మెట్లు దాటవలసి ఉంటుంది. గేటు వద్ద రైతు పేరు, సరుకు నమోదై లాట్ నంబరు వస్తుంది. నమూనా తీసి నాణ్యత పరీక్షిస్తారు. వ్యాపారులు కంప్యూటరులో గాని, సెల్‌ఫోనులో గాని ధర వేస్తారు. గెలిచిన ధరను ప్రకటించిన తరువాత కాటా, బిల్లు, చెల్లింపు, చివరకు గేటు దాటడం. ఈ మెట్లన్నీ సాఫ్టువేరులో వేర్వేరు తెరలు. వాటిని నమోదు చేసేవారు కూడా వేర్వేరు మనుషులు. ఏ ఒక్కరి తెర చూసినా ఒక రైతు సరుకు మొత్తం ప్రయాణం కనిపించదు. పర్యవేక్షణ పూనుకొనేది ఆ ప్రయాణాన్ని చూపడానికే.

ఏర్పాటు చేయు విధానం

మొదట నిర్ణయించవలసినది సాధనాన్ని కాదు, ప్రశ్నను. ‘గేటు దాటి లోపలికి వచ్చిన ఏ లాటు కాటా వద్దకు చేరలేదు?’ అనునది వ్యాపార ప్రశ్న. ‘నిమిషానికి ఎన్ని నమోదులు జరిగినవి?’ అనునది సాంకేతిక ప్రశ్న. రెండవదానికి జవాబు తేలికగా దొరుకుతుంది కనుక చాలా ఏర్పాట్లు అక్కడే ఆగిపోతాయి.

తరువాత పని ఏయే మైలురాళ్ళు దాటుతుందో గుర్తించి, ఒక్కొక్కదాని వద్ద సాఫ్టువేరు ఒక చిన్న సమాచారాన్ని బయటకు పంపేటట్లు చేయాలి. బిజ్‌టాక్‌లో ఈ మైలురాళ్ళను వ్యాపారం తెలిసిన ఉద్యోగి ఎక్సెల్ పట్టికలో నిర్వచించేవాడు. వాటిని ప్రోగ్రాములోని దశలతో కలిపే పని ప్రోగ్రామరుది. ఈ పని విభజన ఏ సాధనంతోనైనా అనుసరించదగినది. సమాచారం పంపే పని అసలు లావాదేవీని ఆపరాదు. పర్యవేక్షణ సర్వరు ఆగిపోయినంత మాత్రాన కాటా ఆగిపోకూడదు. అందువలన సమాచారాన్ని ఒక వరుసలో ఉంచి, వీలువెంట తీసుకొనే పద్ధతిని వాడతారు.

వేర్వేరు మెట్ల సమాచారాన్ని ఒకే పనికి చెందినదిగా జతకలుపుటకు ఒక గుర్తు కావాలి. ఇక్కడ అది లాట్ నంబరు. చెప్పినంత సులభం కాదిది. ఒకే రైతు తేజ రకం 30 టిక్కీలు, తాలు కాయలు 5 టిక్కీలు తెస్తే అవి రెండు లాట్లు కావాలి. ఒకే లాటుగా నమోదై, తరువాత విడదీసి అమ్మితే కొత్త నంబర్లకు పాత నంబరుతో సంబంధం నమోదు కావలసిందే. లేనిపక్షంలో పాత లాటు ఎప్పటికీ అమ్ముడుపోనట్లు, కొత్త లాట్లు గేటు దాటకుండానే లోపలికి వచ్చినట్లు తెరపై కనిపిస్తాయి.

కాలం విషయంలోను జాగ్రత్త అవసరం. యార్డుకు రాకుండా, గుంటూరు బ్రాడీపేటలోని తన కార్యాలయం నుండి ఒక వ్యాపారి మధ్యాహ్నం 1 గంట 59 నిమిషాల 58 సెకన్లకు ధర వేశాడనుకుందాం. గడువు 2 గంటలు. ఇంటర్నెట్ మందగించి ఆ ధర సర్వరుకు 5 సెకన్లు ఆలస్యంగా చేరినది. వ్యాపారి ఫోను గడియారం ప్రకారం గడువులోపే, సర్వరు గడియారం ప్రకారం గడువు తరువాత. ఫోను గడియారాన్ని ఎవరైనా మార్చవచ్చును కనుక గడువు విషయంలో సర్వరు కాలాన్నే ప్రమాణంగా తీసుకొనుట మేలు. అయితే రెండు కాలాలనూ దాచి ఉంచాలి. వాటి మధ్య తేడా ఒక్కసారిగా పెరిగితే, అది ఇంటర్నెట్ ఇబ్బందికి మొదటి ఆనవాలు.

సగటులోని మోసం

ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు సగటును నమ్ముట. గేటు నుండి కాటా వరకు 98 లాట్లకు ఒక్కొక్క గంట, 2 లాట్లకు 12 గంటలు పట్టినదనుకుందాం. మొత్తం 100 లాట్ల సగటు సుమారు 73 నిమిషాలు. ఈ అంకె ఎవరినీ కలవరపెట్టదు. ఇంతకన్నా చిక్కైన స్థితి మరొకటి ఉన్నది. ఆ రెండు లాట్లు ఇంకా కాటా వద్దకు చేరనే లేదనుకుంటే, అవి లెక్కలోకి రావు. పూర్తయిన 98 లాట్ల సగటు సరిగ్గా 60 నిమిషాలుగా కనిపిస్తుంది. అనగా సమస్య ముదిరినకొద్దీ అంకె మెరుగుపడుతుంది. ఆ రెండు లాట్ల రైతులు మాత్రం ఆకాశం వైపు చూస్తూ టిక్కీల పక్కనే కూర్చుని ఉంటారు.

కాబట్టి జరిగిన సంఘటనలను లెక్కించుట చాలదు. జరగవలసి ఉండి జరగనివాటిని వెదకాలి. జరగని సంఘటన తనంతట తాను ఏ సమాచారమూ పంపదు. అందుకని ప్రతి లాటు లోపలికి రాగానే దానికొక గడియారాన్ని మొదలుపెట్టి, తరువాతి మైలురాయి నిర్ణీత వ్యవధిలో చేరకపోతే హెచ్చరిక వెలువడేటట్లు చేస్తారు. తెరపై సగటుకు బదులు ‘అన్నిటికంటే ఎక్కువసేపుగా వేచియున్న లాటు వయస్సు’ చూపుట ఉపయోగకరం. చెల్లింపుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. బిల్లు తయారై డబ్బు అందని లాట్ల జాబితా, ఆ రోజు జరిగిన మొత్తం చెల్లింపుల అంకె కంటె విలువైనది.

హద్దులు, హెచ్చరికలు

ఏ హద్దు దాటితే హెచ్చరించాలో ప్రోగ్రామరు నిర్ణయించలేడు. ఉదాహరణకు 2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయినపుడు కేంద్ర ప్రభుత్వం ఆంధ్ర ప్రదేశ్ రైతుల కొరకు మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను, 2.91 లక్షల టన్నుల పరిమితిని ప్రకటించినది. ఆ పథకం అమలులో ఉన్న కాలంలో 11,781 అనే అంకె ఒక వ్యాపార హద్దుగా ఉండినది. ఇటువంటి అంకెలు ప్రోగ్రాములో కాక, అధికారి మార్చగలిగే పట్టికలో ఉండాలి. తాలు కాయల ధర ఎప్పుడూ మేలు రకాల కంటె తక్కువే కనుక, రెండింటినీ ఒకే హద్దుతో పోల్చితే రోజంతా హెచ్చరికలే వస్తాయి. రోజుకు రెండు వందల హెచ్చరికలు అందుకొనే ఉద్యోగి వారం తిరిగేసరికి వాటిని చదవడం మానివేస్తాడు. అందువలన ప్రతి హెచ్చరికకు ఒక బాధ్యుడు, అతడు చేయవలసిన పని ముందే నిశ్చయమై ఉండాలి. వేసవి సెలవులలో యార్డు మూతపడినపుడు ‘సరుకు రావడం లేదు’ అనే హెచ్చరిక రాకుండా సెలవుల పట్టికను కూడా జతచేయాలి.

పరిమితులు

పర్యవేక్షణ తెర చూపే లెక్కను సాయంత్రానికి అసలు ఖాతాలతో సరిపోల్చి చూడాలి. గేటు నమోదుల సంఖ్య, తెరపై లాట్ల సంఖ్య ఒకటి కాకపోతే ఎక్కడో సమాచారం జారిపోతున్నట్లు. సాఫ్టువేరులో నమోదు కాని వ్యవహారం దీనికి అసలే కనబడదు. మనుషులు నోటిమాటగా ధర కుదుర్చుకొని తరువాత తీరికగా నమోదు చేస్తే, గంటలు పట్టిన బేరం తెరపై రెండు నిమిషాలలో ముగిసినట్లు ఉంటుంది. గుంటూరు చుట్టుపక్కల ఉన్న శీతల గిడ్డంగుల వద్ద, యార్డు గేటు దాటకుండానే చేతులు మారిన సరుకుకు లాట్ నంబరే ఉండదు.