కొబ్బరికాయ ఎవరు కొట్టాలి?

మీ ఊళ్ళో సీసీ రోడ్డుకి శంకుస్థాపన అనుకోండి. షామియానా వేస్తారు. శిలాఫలకానికి పరదా కడతారు. నాలుగు ఇటుకలు పేర్చి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. పంతులుగారు మంత్రం చదువుతారు. ఎమ్మెల్యేగారి చేతికి ముందు కొబ్బరికాయ, ఆ తర్వాత పలుగు. ఫొటో. అయిపోయింది! ఇందులో మతం ఉందని ఎవరికీ తోచదు. మంచి పని మొదలెడుతూ కాయ కొట్టకపోతే ఎలా? ట్రాక్టరు కొన్నా కొడతాం, బోరు వేసినా కొడతాం.

కానీ ఆ పక్కనే నిలబడ్డ ఇంజనీరుగారిని ఎప్పుడైనా గమనించారా? ఆయన పేరు ఖాదరో, జోసెఫో అయితే? లేదా అసలు దేవుణ్ణే నమ్మని మనిషైతే? 'సార్, మీరూ ఒకటి కొట్టండి' అంటారేమోనని ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. అయినా ఆ అడుగు వెనక్కి పడింది. మరి ఆ కార్యక్రమం సర్కారుది. ఆ మనిషీ సర్కారు మనిషే.

ఈ పేచీ కొత్తది కాదు. 1947 నవంబరులో సర్దార్ పటేల్ సోమనాథ ఆలయాన్ని తిరిగి కట్టిస్తామని ప్రకటించారు. గాంధీజీ కాదనలేదు. కానీ ఖర్చు మాత్రం ఖజానాది కాకూడదు, జనం చందాలు వేసుకుని కట్టుకోవాలి అన్నారు. అలాగే ట్రస్టు పెట్టి కట్టారు. కె.ఎం. మున్షీ దగ్గరుండి నడిపించారు. ప్రతిష్ఠకి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌ని పిలిచారు. ప్రధాని నెహ్రూకి అది నచ్చలేదు. రాష్ట్రపతి వెళితే ప్రభుత్వమే వెళ్ళినట్టు అవుతుందని ఆయన బాధ. పైగా ఆ ఉత్సవానికి సౌరాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు కేటాయించిందని తెలిసి ఇంకా మండిపడ్డారు. అన్నం కోసం దేశం కటకటలాడుతున్న రోజులవి. రాజేంద్రప్రసాద్ ఆగలేదు. మసీదు వాళ్ళు పిలిచినా, చర్చి వాళ్ళు పిలిచినా ఇలాగే వెళతానన్నారు. 1951 మే 11న వెళ్ళారు.

ఎవరిది రైటు? తమాషా ఏమిటంటే, అదే రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన రాజ్యాంగ సభలో 1949 అక్టోబరు 17న ఇలాంటి చర్చే జరిగింది. రాజ్యాంగ పీఠికని 'దేవుడి పేరిట' అని మొదలుపెడదామని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. దేవుడేనా, దేవి సంగతేమిటని అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి అడిగారు. దేవుణ్ణి ఓటింగుకి పెట్టొద్దు బాబూ అని బతిమాలినవాళ్ళూ ఉన్నారు. కామత్ వినలేదు. ఓటింగు జరిగింది: అటు 41, ఇటు 68. దేవుడు ఓడిపోయాడు అనుకుంటాం గానీ, సవరణ వద్దన్నవాళ్ళంతా నాస్తికులేం కాదు. ఎవరి నమ్మకం వాళ్ళది, అందరి నోటా ఒకే మాట పలికించకూడదన్నదే వాదన. పదవీ ప్రమాణంలో కూడా రెండు దార్లు అందుకే పెట్టారు. దైవసాక్షిగా అనొచ్చు, అది వద్దనుకుంటే దేవుడి ఊసు లేకుండానే ప్రమాణం చేయొచ్చు. రెంటికీ విలువ ఒక్కటే.

శంకుస్థాపనలో ఆ రెండో దారి లేదు. అదీ తేడా.

మరి కోర్టులేమన్నాయి? గుజరాత్ హైకోర్టు కొత్త భవనానికి 2010లో భూమిపూజ చేస్తే, ఇదేం పద్ధతని ఒకాయన కేసు వేశాడు. భూమాతని క్షమించమని అడగడం, అందరి మేలూ కోరడం లౌకికత్వానికి విరుద్ధం కాదని 2011లో కోర్టు కొట్టేసింది. ఎదురు ఆయనకే 20 వేల జరిమానా! పదమూడేళ్ళు గడిచాయి. 2024 మార్చిలో పుణె దగ్గర పింప్రీ చించ్‌వడ్‌లో కొత్త కోర్టు భవనానికి శంకుస్థాపన. వచ్చిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అభయ్ ఎస్. ఓకా, కోర్టు కార్యక్రమాల్లో ఈ పూజలు ఇక మానేద్దాం, రాజ్యాంగ పీఠికకి తలవంచి మొదలెడదాం అన్నారు. అక్కడ తీర్పు, ఇక్కడ వేదిక మీది సలహా. రెండూ కోర్టు గోడల గురించే.

మన దగ్గరికొస్తే కథ ఇంకా చిక్కు. భద్రాద్రి రాములవారి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టు వస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళతాయి. ఆ ఆనవాయితీ గోల్కొండ తానీషాది అని చెప్పుకుంటాం. ఒక ముస్లిం రాజు పేరు మీద నడుస్తున్న లాంఛనం! దాన్ని మతం ఖాతాలో వేయాలా, చరిత్ర ఖాతాలో వేయాలా? నాకైతే దాన్ని ఆపాలనిపించదు.

2017 ఫిబ్రవరి సంగతి వేరు. తెలంగాణ వస్తే చెల్లిస్తానన్న మొక్కు కోసం ముఖ్యమంత్రి కె.సి.ఆర్. తిరుమల శ్రీవారికి సుమారు 5 కోట్ల రూపాయల నగలు సమర్పించారు. డబ్బు ప్రభుత్వానిది. మొక్కు రాష్ట్రం కోసమే కదా అని కొందరు, మొక్కింది ఆయన కదా అని కొందరు. గాంధీజీ సోమనాథం దగ్గర వేసిన ప్రశ్నే ఇది. ఒక ప్రత్యేక మతాన్ని పెంచడానికి కేటాయించే పన్ను కట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణలో ఉంది.

అందరికీ తలా ఒకటి ఇచ్చేస్తే? హైదరాబాద్ సచివాలయంలో 2023 ఆగస్టులో గుడి, మసీదు, చర్చి ఒకే రోజు ప్రారంభించారు. చూడ్డానికి బావుంది. కానీ లెక్క అక్కడితో ఆగదు. 2022లో తమిళనాడు ధర్మపురిలో చెరువు పనికి భూమిపూజ పెడితే, ఎంపీ సెంథిల్ కుమార్ అధికార్లని నిలదీశారు. పంతులుగారున్నారు సరే, ఫాదర్ ఏడీ, ఇమాం ఏడీ అని. అంతటితో ఊరుకోక, దేవుణ్ణి నమ్మని ద్రావిడ కళగం వాళ్ళేరీ అని కూడా అడిగారు. వాళ్ళనెక్కడ కూర్చోబెడతాం? ఏ మంత్రం చదివిస్తాం?

కలెక్టరుగారు బొట్టు పెట్టుకుని సీట్లో కూర్చుంటే, తహసీల్దారుగారు టోపీ పెట్టుకుంటే నాకేం పేచీ లేదు. అది వాళ్ళ ఒంటి మీది సంగతి. ఆహ్వాన పత్రికలో ప్రభుత్వ చిహ్నం కింద 'ఉదయం 9 గంటలకు భూమిపూజ' అని అచ్చు వేస్తేనే వస్తుంది గొడవ. అప్పుడది డ్యూటీ అవుతుంది. కింది ఉద్యోగి రాను అనలేడు.

ఊరివాళ్ళు తెల్లవారుజామునే వాళ్ళంతట వాళ్ళు కాయ కొట్టుకోవచ్చు, ఎవరొద్దంటారు? తొమ్మిదింటికి అధికార్లు వచ్చి పరదా లాగి, పలుగు పట్టి, రోడ్డు ఎన్ని మీటర్లో, ఎన్ని లక్షలో, ఎప్పటికి పూర్తవుతుందో మైకులో చెప్పి వెళ్ళొచ్చు. అప్పుడా ఇంజనీరుగారు ఫోను జేబులో పెట్టుకుని, ముందు వరసలోనే నిలబడతారు.