పతకానికి దరఖాస్తు ఉండదు

యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న కన్నవాళ్లు శౌర్య పతకం కోసం ఏ ఆఫీసుకు వెళ్లాలి? ఎవరికి అర్జీ పెట్టుకోవాలి? పింఛనుకు ఫారం ఉంది. ఇంటిస్థలానికీ ఉంది. పతకానికి మాత్రం లేదు!

2025 మే 11, ఆదివారం. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లితండా ఎన్నడూ చూడనంత జనాన్ని చూసింది. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రి లోకేశ్ వచ్చారు. సైనికులు గాల్లోకి కాల్పులు జరిపి వందనం చేశారు. జాతీయ జెండా కప్పిన పెట్టెలో ఉన్నది ఆ తండా బిడ్డ, అగ్నివీర్ మురళీనాయక్. అమ్మానాన్నలకు ఒక్కడే కొడుకు. కూలి పనుల కోసం ముంబైకి వలసపోయిన కుటుంబం అది. ఆపరేషన్ సిందూర్ మొదలైన రెండు రోజులకే, మే 9న, జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్థాన్ జరిపిన కాల్పుల్లో అతను ప్రాణాలు కోల్పోయాడు.

రాష్ట్ర ప్రభుత్వం రూ.50 లక్షలు, అయిదెకరాల పొలం, 300 గజాల ఇంటిస్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. పవన్ కల్యాణ్ సొంతంగా మరో రూ.25 లక్షలు ఇస్తానన్నారు. ఇవన్నీ రోజుల వ్యవధిలోనే జరిగాయి.

జవాను చనిపోయిన ఇంటికి పరామర్శకు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే మాట ఒకటుంది... ‘పతకం వస్తుందంటనా?’ అని. ఇంటివాళ్ల దగ్గర జవాబుండదు. ఉండే అవకాశమూ లేదు. ఎందుకంటే ఆ నిర్ణయం ఎక్కడ మొదలవుతుందో, ఏ దారిన వెళుతుందో వాళ్లకెవరూ చెప్పరు.

చూసినవాళ్లు రాయాలి

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. జకార్డు అట్టమీద చిల్లు పడకపోతే చీరమీద పువ్వు రాదు. పట్టు ఎంత మేలిదైనా, నేసే చెయ్యి ఎంత గొప్పదైనా సరే. శౌర్య పతకానికి అలాంటి అట్ట ‘సైటేషన్’. ఫలానా రోజు, ఫలానా చోట, శత్రువు ఎదుట ఈ సైనికుడు ఏం చేశాడో పక్కనున్నవాళ్లు చెబితే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ రాసే నివేదిక అది. అది బ్రిగేడ్‌కు వెళుతుంది. అక్కణ్నుంచి డివిజన్, కోర్, కమాండ్, సైన్య ప్రధాన కార్యాలయం... ఒక్కో మెట్టు దగ్గరా పై అధికారులు చదువుతారు. ఒప్పుకోవచ్చు, పతకం స్థాయి పెంచవచ్చు, తగ్గించవచ్చు, వెనక్కి పంపేయవచ్చు. అన్నీ దాటితే రక్షణ శాఖలోని కేంద్ర కమిటీ ముందుకొస్తుంది. ఆ తర్వాత రక్షణ మంత్రి, ప్రధాని, చివరికి రాష్ట్రపతి ఆమోదం. ఏటా రెండుసార్లు, రిపబ్లిక్ డేకీ స్వాతంత్ర్య దినోత్సవానికీ జాబితాలు ప్రకటిస్తారు.

ఇంత పొడవు దారిలో ఎక్కడా కుటుంబానికి చోటు లేదు. కావాలనే అలా పెట్టారు. పతకం నష్టపరిహారం కాదు, చేసిన పనికి గుర్తింపు కాబట్టి అడిగితే ఇచ్చేదిగా ఉండకూడదన్నది సైన్యం వాదన. వాదన సబబైనదే. కానీ దానికో చేదు రెండోవైపు ఉంది. చనిపోవడం ఒక్కటే పతకానికి అర్హత కాదు. యుద్ధంలో పోయిన ప్రతి జవానూ అమరుడే, అందరి పేర్లూ ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం గోడలమీద చెక్కుతారు. 2019లో ప్రారంభమైన ఆ స్మారకంలో 25 వేలకు పైగా పేర్లున్నాయి. వాళ్లలో పతకం అందుకున్నవారు కొద్దిమందే. మిగిలినవాళ్లు తక్కువ ధైర్యవంతులని కాదు. కొందరి సాహసం చూసినవాళ్లూ వాళ్లతోనే పోయారు.

చూసినవాళ్ల లెక్కా ఒక్కోసారి తప్పుతుంది. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ దగ్గర పోరాడిన యోగేంద్రసింగ్ యాదవ్‌కు పరమవీరచక్రను మొదట ‘మరణానంతరం’ అనే ప్రకటించారు. తీరా చూస్తే ఆయన ఒళ్లంతా గాయాలతో ఆసుపత్రిలో కోలుకుంటున్నారు! అదే కార్గిల్‌లో బటాలిక్ వైపు పోరాడిన బ్రిగేడియర్ దేవీందర్‌సింగ్‌ది ఇంకో కథ. యుద్ధ నివేదికలో తన బ్రిగేడ్ పాత్రను తక్కువచేసి రాశారంటూ ఆయన పోరాడారు. పదకొండేళ్లకు, 2010లో, సాయుధ దళాల ట్రైబ్యునల్ ఆయన వాదన సరైనదేనంది. రాతకు అంత బలముంది. బతికున్న బ్రిగేడియర్‌కే అన్నేళ్లు పడితే, చనిపోయిన సిపాయి తరఫున వెళ్లే తల్లిదండ్రుల సంగతి చెప్పేదేముంది?

సూర్యాపేట తండ్రి మాట

పతకం వచ్చాక కూడా ఒక తండ్రి నోరు తెరిచి అడిగిన సందర్భం తెలుగునాట ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట వాసి, కోరుకొండ సైనిక్ స్కూల్ విద్యార్థి. 2021 రిపబ్లిక్ డేకి ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. యుద్ధకాల పతకాల్లో అది రెండోది.

ఊరంతా సంతోషించింది. రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి అయిన తండ్రి ఉపేందర్ మాత్రం తన మనసులో మాట దాచుకోలేదు. అసంతృప్తి లేదుగానీ నూటికి నూరుపాళ్లు తృప్తీ లేదన్నారు. పరమవీరచక్ర వస్తుందని ఆశించామన్నారు. తుపాకులు పేలని పోరులో, గడ్డకట్టే చలిలో తన కొడుకూ అతని మనుషులూ చేసినదానికి ఆ స్థాయి ఉందన్నది ఆయన నమ్మకం. దేశమిచ్చిన పతకాన్ని తూకం వేయడమేంటని విసుక్కున్నవాళ్లూ లేకపోలేదు. నిజానికి ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? రెండు పతకాలకూ ‘శత్రువు ఎదుట’ చూపిన సాహసమే ప్రాతిపదిక. ఒకదానికి అది అత్యున్నతమైనదై ఉండాలి. ఆ గీత ఎక్కడ గీశారో, ఎందుకు గీశారో తండ్రికి ఎవరూ చెప్పరు.

పరమవీరచక్ర ఇప్పటికి 21 మందికే దక్కింది. వారిలో 14 మందికి మరణానంతరమే. ఆ జాబితాలో తెలుగువారు లేరు. శాంతికాల పతకాల్లో అత్యున్నతమైన అశోకచక్ర మాత్రం ఒక తెలుగు పోలీసును వరించింది. 2013లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులతో పోరులో నేలకొరిగిన గ్రేహౌండ్స్ అధికారి కె.ప్రసాద్‌బాబుకు 2014 రిపబ్లిక్ డేన మరణానంతరం ఇచ్చారు.

ఎవరి చేతికివ్వాలి?

2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో సంతోష్‌బాబు పతకాన్ని ఆయన భార్య, తల్లి కలిసి అందుకున్నారు. టీవీలో చూసినవాళ్లకు ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన దృశ్యం గుర్తుండే ఉంటుంది. అన్ని ఇళ్లలోనూ అలా సాగదు. సియాచిన్‌లో మంటల్లో చిక్కుకున్నవారిని కాపాడబోయి 2023లో మరణించిన కెప్టెన్ అంశుమాన్‌సింగ్‌కు కీర్తిచక్ర వచ్చింది. 2024 జులైలో భార్య, తల్లి కలిసే అందుకున్నారు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన తల్లిదండ్రులు మీడియా ముందుకొచ్చి, ‘దగ్గరి బంధువు’ నిబంధనను మార్చాలని కోరారు. పెళ్లికాకముందు దగ్గరి బంధువులుగా అమ్మానాన్నల పేర్లుంటాయి. పెళ్లయ్యాక భార్య పేరొస్తుంది. పెళ్లయిన కొన్ని నెలలకే కొడుకు పోతే పతకం ఏ ఇంట్లో ఉండాలన్నది నిబంధనల పుస్తకం తేల్చే విషయమేనా? కోడళ్లనూ అత్తమామలనూ చెరోవైపు నిలబెట్టి రోజుల తరబడి చర్చలు పెట్టినవాళ్లు ఆ ప్రశ్నను మాత్రం పక్కనపెట్టారు.

పతకంతోపాటు నెలనెలా భృతి ఉంటుంది. దానికీ ఒక పాత మెలిక ఉండేది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే భృతి ఆగిపోయేది, చనిపోయిన భర్త సోదరుణ్ని చేసుకుంటే తప్ప! 2017 నవంబరులో రక్షణ శాఖ ఆ షరతును ఎత్తేసింది. అదే ఏడాది ఆగస్టు నుంచి భృతి మొత్తాలను రెట్టింపు చేశారు. దాని ప్రకారం పరమవీరచక్రకు నెలకు రూ.20 వేలు, మహావీరచక్రకు రూ.10 వేలు, వీరచక్రకు రూ.7 వేలు, సేనా మెడల్‌కు రూ.2 వేలు. పెళ్లికాని జవానుకు మరణానంతరం పతకమొస్తే ఆ భృతి తల్లిదండ్రులకు చెందుతుంది.

ఆ తల్లి అడిగింది వేరు

మళ్లీ కల్లితండా దగ్గరికి వద్దాం. మురళీనాయక్ తల్లి 2025 నవంబరులో బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. పతకం కోసం కాదు. మామూలు జవాను చనిపోతే అతని కుటుంబానికి దక్కే పింఛను, ఇతర సదుపాయాలు అగ్నివీర్ కుటుంబానికీ దక్కాలని.

2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో చేరినవారి సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత నాలుగోవంతు మందికి మించకుండా సైన్యంలో కొనసాగిస్తారు. విధుల్లో చనిపోతే రూ.48 లక్షల బీమా, సర్వీసు కారణంగా జరిగిన మరణమైతే మరో రూ.44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం ఉంటాయి. కలిపితే పెద్ద మొత్తమే. లేనిదల్లా జీవితాంతం వచ్చే కుటుంబ పింఛను. అదే రెగ్యులర్ జవాను శత్రువు చేతిలో చనిపోతే భార్యకు అతని చివరి జీతంతో సమానమైన పింఛను వస్తుంది. పెళ్లికానివాడైతే తల్లిదండ్రులకూ పింఛను ఉంటుంది. ఒకే బంకరు, ఒకే గుండు... ఇళ్లకు చేరేవి మాత్రం రెండు రకాల కాగితాలు. ఈ తేడా అన్యాయమన్నదే ఆ పిటిషన్ సారం.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. అగ్నివీరులకు శౌర్య పురస్కారాల విషయంలో ఏ తేడా లేదు. మిగతా సైనికులకు వర్తించే నిబంధనలే వాళ్లకూ వర్తిస్తాయని పథకంలోనే రాశారు. అంటే, సాహసాన్ని కొలిచేటప్పుడు అగ్నివీర్ పూర్తి సైనికుడు. అతని అమ్మానాన్నల ముసలితనాన్ని లెక్కగట్టేటప్పుడు మాత్రం నాలుగేళ్ల ఉద్యోగి.

అలా చూస్తే, పెళ్లికాని అగ్నివీర్ తల్లిదండ్రులకు కేంద్రం నుంచి బతికినంతకాలం నెలనెలా ఏమైనా రావాలంటే దారి శౌర్య పతకమే. గౌరవంగా ఇచ్చేది కాస్తా బతుకుతెరువుగా మారే పరిస్థితి అది. పతకం కోసం ఇళ్లవాళ్లు ఎందుకంత తపిస్తారో పట్నంలో కూర్చుని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

ఇంటివాళ్లు చేయగలిగింది కొంత ఉంది. కొడుకు యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌కు ఉత్తరం రాసి ఆ రోజు ఏం జరిగిందో చెప్పమనొచ్చు. పక్కనున్న సహచరులతో మాట్లాడొచ్చు. వాళ్లు సెలవుపై వచ్చినప్పుడు తప్పకుండా ఆ ఇంటికి వచ్చి పోతుంటారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఈ ఉత్తరప్రత్యుత్తరాల్లో సాయం చేస్తుంది. ఆలస్యం చేయకూడదు. యూనిట్లు ఒకచోట ఉండవు, కమాండింగ్ ఆఫీసర్లు మారిపోతారు, చూసినవాళ్లు రిటైరై తలోదిక్కుకూ వెళ్లిపోతారు. సర్వీసులో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, దగ్గరి బంధువుగా ఎవరి పేరు రాశారో, పెళ్లయ్యాక ఏం మారిందో ఇంట్లో అందరికీ తెలిసేలా ఒకసారి మాట్లాడుకోవడమూ అవసరమే. ఏ ఇంట్లోనూ ఇష్టంగా ఎత్తే ప్రసక్తి కాదది. ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కించి వచ్చేలోపు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.