అంకెకు ఊరూ పేరూ

వైశాలి నగర్‌లోని మన కుటుంబాలకు రైలు పట్టా కొత్త వస్తువు కాదు. భిలాయి పట్టా పక్కభాగాన తయారీదారు గుర్తు, పట్టా రకం, సంవత్సరం ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. హీట్ నంబరు వేరుగా ముద్రించి ఉంటుంది. అక్కడ 60 అని ఉంటే మీటరుకు 60 కిలోలని అర్థం. అదే 60 ఒట్టి కాగితంపై ఉంటే కిలోలో, మీటర్లో, నిమిషాలో ఎవరు చెప్పగలరు?

కంప్యూటర్ల మధ్య సమాచారం ప్రయాణించేటప్పుడు కలిగే చిక్కు ఇదే. ప్రోగ్రాంలోని విలువలను బైట్ల వరుసగా పేర్చి పంపడాన్ని సీరియలైజేషన్ అంటారు. ఆ బైట్లు పూర్ణాంకమా, దశాంశమా, అక్షరమా అనే 'టైపు'ను పంపేవారూ పుచ్చుకొనేవారూ ముందే ఒప్పుకొని ఉండాలి.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుండి ఏరియన్-5 రాకెట్ తొలిసారి ఎగిరింది. దాని దిశాసూచక యంత్రంలోని ప్రోగ్రాం ఏరియన్-4 నుండి తెచ్చుకొన్నది. అందులో 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట 32,767 దాటితే ఏమి చేయాలో వ్రాయలేదు. కొత్త రాకెట్ వేగానికి విలువ ఆ హద్దు మీరింది. ఇంజను రగిలిన సుమారు 37 సెకన్లకు రెండు దిశాసూచక యంత్రాలూ ఆగిపోయాయి. అంతకంటె ఆశ్చర్యకరమైనది తరువాతి ఘట్టం. ఆగిపోతూ యంత్రం పంపిన లోపసూచక సంకేతాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగానే చదువుకొన్నది! లేని వంకరను సరిదిద్దబోయి రాకెట్‌ను పక్కకు తిప్పింది, రాకెట్ విచ్ఛిన్నమైంది. అది లోపసూచన అని చెప్పే ముద్ర ఒక్కటి ఉండి, దానిని చూసే అలవాటు ఉంటే కథ వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

1999లో అంగారకుని చెంత నాసా నౌక నశించింది. ఒకరు పౌండ్-సెకన్లలో లెక్కించిన ప్రచోదనాన్ని మరొకరు న్యూటన్-సెకన్లుగా తీసుకొన్నారు. ఆ ప్రోగ్రాం పేరు 'స్మాల్ ఫోర్సెస్'. కొలమానం ఏదో ఆ పేరులో లేదు.

పేర్ల విషయంలో మన పిల్లలతో ఒక మాట. 'రాయి' అని ఫంక్షన్‌కు పేరు పెడితే అది వ్రాయడమో, బండరాయో తెలియదు. 'డేటా మార్చు' అన్నా అంతే: దేనిని, దేనిగా? 'హీట్ నంబరును అక్షరాలుగా చదువు' అనేది పొడవైనా మంచి పేరు. హీట్ నంబరు పేరుకే నంబరు, దానిని ఎవరూ కూడరు, తీసివేయరు. పూర్ణాంకంగా చదివితే 0417 కాస్తా 417 అవుతుంది. అటుపై ఆ పట్టా ఉక్కు పరీక్షాఫలితాలను 417 పేరిట ఎంత వెదికినా దొరకవు.