తారురోడ్డు పడితే ముందు పెరిగేది ఏమిటి?

మీకు తెలుసా? మట్టిబాట తప్ప ఎరగని పల్లెకు తారురోడ్డు పడితే ముందు పెరిగేది పంట కాదు, ఆటోలు!

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్ 25న మొదలైంది. సరైన రోడ్డు లేని ఊళ్లలో ముందు వెయ్యి జనాభా దాటినవాటికి, ఆ తర్వాత 500 దాటినవాటికి రోడ్డు వేయాలన్నది అప్పటి నిబంధన. కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలకైతే 250 చాలు. అంటే మైదానంలో 510 మంది ఉన్న ఊరు వరసలో ముందుకు జరిగింది, 490 మంది ఉన్న ఊరు వెనకబడింది. పది తలకాయలు తక్కువై రోడ్డు దక్కనివాళ్లు ఎవరిని తిట్టుకున్నారో గానీ, ఆర్థికవేత్తలకు మాత్రం అది పండగే. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లు మిగతా విషయాల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని పోల్చి చూస్తే రోడ్డు వల్ల ఏం మారిందో తేలిపోతుంది.

శామ్ ఆషర్, పాల్ నోవోసాద్ అనే ఆర్థికవేత్తలు సరిగ్గా ఆ పనే చేశారు. ఈ నిబంధనను కాస్త గట్టిగా పాటించిన ఆరు రాష్ట్రాల్లో పదకొండు వేలకు పైగా ఊళ్ల లెక్కలు తీశారు. మన తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. 2020లో అచ్చయిన వాళ్ల ఫలితాలు చూసి రోడ్డు పథకాల అభిమానులు ఉలిక్కిపడ్డారంటే ఆశ్చర్యం లేదు. రోడ్డు పడి సగటున నాలుగేళ్లయినా దిగుబడిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇంటి ఖర్చులోనూ, ఆస్తిపాస్తుల్లోనూ అంతే. బస్సులూ ఆటోలూ వచ్చాయి. వాటితోపాటు చాలామంది సేద్యం పనులు మాని వేరే కూలికి మళ్లారు. పట్నం నుంచి ఊళ్లోకి పెట్టుబడి వస్తుందనుకుంటే, ఊళ్లోంచి చేతులు బయటికి కదిలాయన్నమాట.

అలాగని రోడ్డు దండగ అనేస్తే తొందరపాటే. అదే పరిశోధకులు అంజలి అడూకియాతో కలిసి బడి లెక్కలు చూస్తే, రోడ్డు పడిన ఊళ్లలో 6 నుంచి 8 తరగతుల్లో చేరే పిల్లలు పెరిగారు. బయట చదువుకు గిట్టుబాటు ఉందని కనబడితే అమ్మానాన్నలు పిల్లల్ని బడి మాన్పించరు. ఆ చదువు ఇంటి ఆదాయంలో కనిపించాలంటే నాలుగేళ్లు ఏ మూలకు?

పెట్టుబడి ఒకచోట, ఫలితం మరోచోట అనే ఈ తంతు ఆనకట్టల దగ్గర ఇంకా కటువుగా ఉంటుంది. ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే 2007లో మన దేశపు ఆనకట్టల లెక్క తేల్చారు. దిగువ జిల్లాల్లో పంట పెరిగి పేదరికం తగ్గింది. ఆనకట్ట కట్టిన జిల్లాలో మాత్రం పంట పెద్దగా పెరగకపోగా పేదరికం పెరిగింది. నీరు పల్లమెరుగు కదా! కాలువలు కిందికి పోతాయి, మునిగే పొలాలు మాత్రం పైన ఉంటాయి.

దిగువవాళ్ల లాభంలో కొంత తీసి పైవాళ్లకు ఇవ్వొచ్చు, కానీ కాగితం మీద ఇచ్చినంత తేలిగ్గా చేతికి అందదు. శ్రీశైలం ఆనకట్ట ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న జీవో 98 వచ్చింది 1986లో. దశాబ్దాలు గడిచినా ఆ ఉద్యోగాల కోసం కలెక్టరేట్ల ముందు ధర్నాలు జరుగుతూనే వచ్చాయి.